మేష్టరు చెప్పని పేరు

1946 డిసెంబరు 10, మంగళవారం. తెల్లవారకముందే తలుపు తట్టినవాణ్ణి చూసి ఆశ్చర్యపోయాను. మా తరగతిలోని దొడ్డబళ్ళాపురం నేతగాళ్ల అబ్బాయి. నా గది గడప ఎన్నడూ తొక్కనివాడు.

"మేష్టరు పోయినారప్పా. నిద్దర్లోనే."

కట్టడాల చరిత్ర చెప్పే మా మేష్టరు ఇక లేరు. ఆ కబురు కూడా ముందు వీడికే అందిందే అనిపించింది.

శుక్రవారం ఆయన పాఠం సగంలో ఆపారు. "పొయ్యి గది నడుమ నుంచి గోడలోకి జరిగిందాకా నేను చెప్పినా. పొగగొట్టం కథ మీలో ఒకరు చెప్పాల. ఎవరనేది మంగళవారం చెప్తా" అన్నారు. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

ఆయన పాఠం విననివారికి ఒక సంగతి చెప్పాలి. రోమునగరంలో నేలకింద మంట రాజేసి గదులు వెచ్చబరిచేవారని చెప్పిన రోజు, మా అందరిచేత చెప్పులు విప్పించి చల్లటి గచ్చుమీద నిలబెట్టారు. "తెలిసెనా అప్పా, వాళ్లకు మంట ఎందుకు కావాల్సొచ్చెనో? వెచ్చదనానికి మూసుకునేది, ఊపిరికి తెరుచుకునేది. ఇంతే ఈ చరిత్ర" అన్నారు.

వెంటిలేషనుకు తెలుగుమాట తెమ్మన్నారొకసారి. నిఘంటువులన్నీ తిరగేసి 'వాయుసంచారవిధానము' తెచ్చాను. మేష్టరు దాన్ని పలికి గుండెమీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఏమప్పా, ఇది ముగిసేలోపల ఊపిరాడకుండా పోతాదే! గదిలోనే కాదు, మాటలోనూ గాలాడాల."

నా పక్కనున్న దొడ్డబళ్ళాపురం వాడు "గాలాట అంటే సాలదా సార్?" అన్నాడు.

"గలాటానా?" అని తరగతంతా గొల్లుమంది. మన ఊళ్లో గలాటా అంటే గొడవే కదా. మేష్టరు మాత్రం నల్లబల్ల మీద పెద్దగా 'గాలాట' అని రాశారు. "నవ్వండి. నవ్విన మాటను మరిచిపోరు." ఆ తర్వాత ఏ పాఠంలోనూ మరో మాట వాడలేదు. విన్నప్పుడల్లా నా కడుపు మండేది, ఎందుకంటే అది నిజంగా బాగుంది. ఆ రోజునుంచీ ఏ వాక్యం రాసినా ఒకసారి పైకి పలికి చూసుకుంటున్నాను. ఆ అలవాటు ఆయన పెట్టిందే.

సాయంత్రం శ్మశానం నుంచి తిరిగివస్తూ వాణ్ణి అడిగాను: "ఎవరి పేరు చెప్పేవారంటావు?"

"నాకేమి తెలుసు? అయినా నువ్వే చెప్పప్పా. నీకు మాటలుండాయి. నాకు ఒకటే వచ్చె, అదీ గలాటా ఆయె."

ఏడుస్తూనే నవ్వాడు. నేను ఇన్నాళ్లూ కోరుకున్నదాన్ని అంత తేలిగ్గా ఇచ్చేశాడు. ఆ మనసు నాకు లేదే అని మళ్లీ అసూయ. మేష్టరు నన్ను ఎంచేవారో లేదో ఇక ఎప్పటికీ తెలియదు.

రేపు పొద్దున మొదటి గంటలో పొగగొట్టం కథ నేను చెప్పాలి. వాణ్ణి ముందు బెంచీలో కూర్చోమన్నాను. నా నోట మరీ పెద్దమాట దొర్లితే వాడు దగ్గుతాడు.