ముప్ఫై ఎమ్మెల్ కేసు

బజారులో ఆయన్ని గ్రాము సారు అంటారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఒక్క గ్రాము తరుగు కనిపిస్తే చాలు, కాళ్ళావేళ్ళా పడ్డా వినకుండా కేసు రాసేస్తాడు. అలాంటి మనిషి స్వయానా నూట నలభై ఎనిమిది కిలోలు తూగడం కొట్లవాళ్ళకి మహా ముచ్చటగా ఉండేది. "మన దగ్గర గ్రాము తగ్గితే గోల చేస్తాడు. ఈయన దగ్గర అరవై కిలోలు ఎక్కువుంటే ఎవడూ కేసు రాయడేం?" అని చాటున నవ్వుకునేవారు. చాటుమాటలు చెవిన పడకుండా ఎక్కడికి పోతాయి?

చివరికి ఆ కేసు డాక్టరు రాశాడు. మోకాళ్ళు, బీపీ, షుగరు మూడూ ఏకమై పట్టించాయి. బరువు తగ్గే ఆపరేషనని కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేసి, అరటిపండంత సంచి మిగిల్చి కుట్టేశారు. పైకి చూస్తే అయిదు చిన్న గాట్లు, వాటి మీద అయిదు పట్టీలు, అంతే. ఇంటికి పంపేటప్పుడు సిస్టరు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"పది రోజులు పళ్ళతో పనిలేదు సార్, అన్నీ పల్చటివే. పావుగంటకోసారి ముప్ఫై ఎమ్మెల్. రోజు మొత్తం మీద లీటరున్నర పడాలి. తగ్గిందా, మళ్ళీ ఇక్కడికే. సెలైన్ ఎక్కిస్తాం."

సెలైన్ మాట వింటేనే సారుకి చెమటలు పడతాయి. ఆ చేతిలో నరం దొరకబుచ్చుకోవడానికి ఏడుసార్లు పొడిచారు మరి. అంతకంటే పెద్ద బెంగ ఇంకొకటుంది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే భార్య చెయ్యి పట్టుకుని, "ఈసారి మాత్రం నీతో ఒక్క అబద్ధం కూడా ఆడను" అన్నాడు. ఆవిడ "సరే లెండి" అంది. ఆ 'సరే లెండి'లో నమ్మకం ఎంతుందో తేల్చడానికి తక్కెడ అక్కర్లేదు.

ఆవిణ్ణి తప్పుపట్టడానికీ లేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో తిండి గురించి ఈయన ఆడిన అబద్ధాల జాబితా రాస్తే చాంతాడంత అవుతుంది. పోయినేడు, తిండి బాగా తగ్గించేశానని ఊరంతా చెప్పుకుంటున్న రోజుల్లోనే, శాఖవారి ఇత్తడి కొలతపాత్రలుండే చెక్కపెట్టెలో ఒక క్రీము బిస్కెట్ల పొట్లం దొరికింది. "అది సాక్ష్యం కింద జప్తు చేసింది" అన్నాడు. సగం సాక్ష్యం అప్పటికే కడుపులో ఉంది.

కాబట్టి ఇంట్లో ఆవిడే నర్సు, ఆవిడే జైలరు. వంటింటి అల్మరాకి తాళం పడింది. ఆస్పత్రివాళ్ళిచ్చిన గీతల ప్లాస్టిక్ కప్పు మందు కంపు కొడుతోందని పక్కన పడేసి, బుల్లి స్టీలు గిన్నె తెచ్చింది. "నిండా పోస్తే సరిగ్గా ముప్ఫై" అంది. పావుగంటకోసారి జగ్గు పట్టుకొచ్చి గిన్నెలో పోసేది, ఈయన తాగి నోటుపుస్తకంలో ఒక గీత గీసేవాడు, ఆవిడ జగ్గు పట్టుకుపోయేది.

నమ్మండి నమ్మకపోండి, సారు బుద్ధిగానే ఉన్నాడు. టీవీలో కేకు కనబడితే కళ్ళు మూసుకున్నాడు. పక్కింటి వేపుడు వాసనకి లేచి కిటికీ వేసేశాడు. గంటకోసారి హాల్లో అటూ ఇటూ నడిచేటప్పుడు ఫ్రిజ్ వైపు మొహం కూడా తిప్పలేదు. ఇంత మంచితనం తనలో ఎక్కడ దాక్కుందో ఆయనకే అంతుపట్టలేదు.

ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున మంచం మీంచి లేవబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. నాలుక అట్టముక్కలా ఉంది. అంతలోనే సిస్టరు ఫోను. భార్య స్పీకరు నొక్కింది.

"మూత్రం ఏ రంగులో ఉంది సార్?"

"టీ డికాషన్‌లా ఉందమ్మా."

"నిన్న ఎంత తాగారు?"

"యాభై గిన్నెలు. గీతలు కూడా ఉన్నాయి."

"గీతలు గీస్తే సరిపోదు సార్, తాగాలి. ఒంట్లో నీళ్ళు లేవు. సాయంత్రానికి ఇలాగే ఉంటే వచ్చి చేరిపోండి."

సారు భార్య వైపు చూశాడు. ఆవిడ మొహం పాలిపోయింది. గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నమ్మలేదన్నమాట! ఇన్నేళ్ళూ అబద్ధాలాడి దొరలా తిరిగాడు, నిజం చెప్పిన రోజున దొంగయ్యాడు. సెలైన్ సూదులు కూడా ఇంత నొప్పి పెట్టలేదు.

కూర్చుని ఆలోచించాడు. గీతలు సరిగ్గా ఉన్నాయి. మనిషీ సరిగ్గానే ఉన్నాడు. ఇక మిగిలింది కొలత. గోడ పట్టుకుని లేచి, నెమ్మదిగా బీరువా దాకా నడిచి, అడుగు అరలోంచి చెక్కపెట్టె లాగాడు.

"మళ్ళీ ఆ పెట్టె జోలికి వెళ్ళారా?" గుమ్మంలోంచి ఆవిడ గొంతు. కోపంగా లేదు, ఎందుకో ఆశగా ఉంది.

"వచ్చి చూసుకో."

పెట్టెలో వరసగా ఇత్తడి పాత్రలు. బిస్కెట్ లేదు, బిస్కెట్ పొడి కూడా లేదు. ఆవిడ మూలల్లోకి వేలు పెట్టి మరీ తడిమింది.

సారు ఇరవై ఎమ్మెల్ పాత్రతో నీళ్ళు కొలిచి స్టీలు గిన్నెలో పోశాడు. ఇరవైకే గిన్నె అంచుదాకా నిండింది. నీళ్ళు ఒంపేసి అడుగున గోటితో గీకాడు. మాత్రల అట్ట మీద ఉండే వెండి రేకు ఊడొచ్చింది. దాని కింద తెల్లగా, మందంగా...

"మైనం!" అని కేక పెట్టాడు. ఆ ఆనందానికి అయిదు పట్టీలూ ఒక్కసారి చురుక్కుమన్నాయి. పన్నెండేళ్ళ కిందట నూనె కొట్టులో పట్టుకున్న మోసం అచ్చం ఇదే. అక్కడ మైనం మీద తగరం బిళ్ళ, ఇక్కడ మందుల రేకు. ఆ కథని భోజనాల దగ్గర ఎన్ని వందలసార్లు చెప్పుకున్నాడో. "ఎవడు చేశాడీ పని?" అని తలెత్తాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర శాఖవారి పెట్టె లేదు, అదీ సంగతి.

"మీరు చాటుగా ఇంకా తాగుతారనుకున్నానండీ" అంది ఆవిడ. "ఎక్కువైతే కుట్లకి ప్రమాదం అన్నాడు కదా డాక్టరు? ముప్ఫై పోస్తే మీరు నలభై పట్టిస్తారు. అందుకే ముందే పది కోసేశా. మీ దొంగతనంతో కలిపి సరిపోతుందిలే అనుకున్నా. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా మాట మీద నిలబడ్డారా? నిలబడక నిలబడక ఇప్పుడే నిలబడాలా? చేతులారా మిమ్మల్ని ఎండగట్టేదాన్ని కదండీ!" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

సారుకి కోపం రావాలి. రాలేదు. "అంటే నేను దొంగతనం చెయ్యలేదని రుజువైనట్టేగా?" అన్నాడు.

"అయింది" అంది ముక్కు తుడుచుకుంటూ.

"తగరానికి బదులు మందుల రేకు అతికించడం మాత్రం ఆ నూనె కొట్టువాడికి కూడా తట్టలేదోయ్" అని నవ్వబోయి, పొట్ట పట్టుకుని "అమ్మో" అన్నాడు. ఆవిడ పరుగున దిండు తెచ్చి పొట్టకి అదిమింది. "నవ్వకండి, నవ్వకండి" అంటూ తనే ఆపుకోలేక నవ్వింది.

స్టీలు గిన్నె జప్తయింది. సబ్బుపొడి డబ్బా వెనక నుంచి ప్లాస్టిక్ కప్పు తిరిగొచ్చింది. సాయంత్రానికి డికాషన్ పల్చబడింది. "ఇంట్లోనే ఉండండి సార్" అంది సిస్టరు.

ఫోను పెట్టేసి ఆవిడ జగ్గు నిండా నీళ్ళు తెచ్చి మంచం పక్కన బల్ల మీద పెట్టింది. పక్కనే అల్మరా తాళంచెవి కూడా పెట్టింది. "స్నానం చేసొస్తా. మూడు రోజులైంది తీరిగ్గా నీళ్ళు పోసుకుని" అని వెళ్ళి తలుపేసుకుంది.

సారు గడియారం చూశాడు. ఇంకా రెండు నిమిషాలుంది. ఆగాడు. రెండు నిమిషాలూ అయ్యాక కప్పులో ముప్ఫై గీత దాకా పోశాడు. ఒక చుక్క ఎక్కువ పడింది. స్నానాలగది తలుపు వైపు చూశాడు. లోపల నీళ్ళ చప్పుడు. ఆ చుక్కని మళ్ళీ జగ్గులోకి ఒంపేసి, కప్పు కంటి ఎత్తున పట్టి సరిచూసుకుని, అప్పుడు తాగాడు.