సెంటర్‌లో పడిన ‘కాదు’

కంబదూరు బస్సులో నా పక్కనామె పురుగుమందు కరపత్రాన్ని వేలు పెట్టి చదువుతాంది. “మందును చేత్తో కలపడం మంచిది” అని చదివి, తర్వాతి వాక్యానికి పోయింది.

ఆ కరపత్రాన్ని కంప్యూటర్లో డీటీపీ చేసింది నేనే. అందంగా ఉంటుందని వరుసలన్నీ సెంటర్‌లో, కాగితం నడిమికి వచ్చేటట్ల పెట్టినాను. చివరి ‘కాదు’ కింది వరుస నడుమ ఒంటరిగా పడింది. ఎడమ అంచున ఏమీ లేక ఆమె వేలు దాన్ని దాటిపోయింది.

“అక్కా, అది మంచిది కాదు అని!”

ఆమె మొహం పాలిపోయింది. “మా ఇంటాయనకు బస్సెక్కక ముందే ఫోన్లో ఇట్లే చదివి చెప్తినే, ఎట్లప్పా!”

మూడోసారికి ఆయన ఫోన్ ఎత్తినాడు. ఇంకా డబ్బా మూత తీయలేదంట. ఆమె నవ్వుతా దిగిపోయింది.

ఇప్పుడు ప్రతి వరుసా ఎడమ అంచు నుంచే మొదలుపెడతాను. అయినా ఆ పాత కాగితాలు ఇంకా ఎవరెవరు చదివినారో నాకు తెలీదు.