తక్కెడలో నల్లరాయి

మా యజమాని పేరు పాక్ వర్సితో; పాక్ అంటే మా ఊళ్లో అయ్యగారని. ఆయన తూచకుండా ఏ పనీ చేయరు. మనసులో బేరీజు వేసుకుంటారని అనుకునేరు! ఆ పని మీరూ నేనూ చేస్తాం. ఆయనది నిజమైన ఇత్తడి తక్కెడ. పాత బజారులో మసాలా దినుసులమ్మే ముసలాయన దగ్గర తెచ్చుకుని, జోగ్జా ఊళ్లో విశ్వవిద్యాలయం వెనక సందులో ఉన్న మా జిరాక్సు దుకాణం నడిమధ్య వేలాడదీశారు. పని వద్దనడానికి ఒక్కో కారణానికీ ఎడమ పళ్లెంలో ఒక కెమిరి గింజ, కావాలనడానికి ఒక్కో కారణానికీ కుడి పళ్లెంలో ఒకటి. కూర చిక్కబడటానికి రుబ్బి వేస్తామే, ఆ గింజలే. ఏ పళ్లెం దిగితే ఆ మాటే ఖాయం.

"గింజలన్నీ ఒకే బరువుండవు కదండీ" అన్నాను చేరిన కొత్తలో.

"కారణాలు మాత్రం ఉంటాయేమిటి, రత్రీ?" అన్నారు.

తొమ్మిదేళ్లుగా అక్కడ థీసిస్‌లకు అట్టలు వేస్తున్నాను. గొడుగు కొనాలా వద్దా అని ఆయన తూచడం ముగించేసరికి వానాకాలం వెళ్లిపోవడం ఈ కళ్లతో చూశాను. దుకాణానికి రంగు వేయడం వద్దని తక్కెడ తేల్చేసిన రోజున, ఆయన భార్య బూ కుస్తినా (బూ అంటే అమ్మగారని) కోడికూరకని ఎడమ పళ్లెంలోంచి నాలుగు గింజలు పట్టుకుపోయింది. మర్నాడు చూస్తే కుడి పళ్లెం కిందికుంది. ఆయన మారుమాట లేకుండా పసుపు రంగు కొనుక్కొచ్చారు.

"నా కారణాలు ఏమయ్యాయే?"

"నిన్న రెండోసారి వడ్డించుకున్నారుగా, అవే."

అలాంటి మనిషి నెత్తిన కంప్యూటర్ల వ్యవహారం వచ్చిపడింది! మా ఆరు పాత డబ్బాల్లో ఉన్నది డబ్బు పెట్టి కొన్న ఆపరేటింగ్ వ్యవస్థ. జూన్ నెలాఖరుతో దాని బాగోగులు చూడటం మానేస్తామని కంపెనీవాళ్లు చెప్పేశారు. మా దగ్గరికొచ్చే పెన్‌డ్రైవులా, ఊళ్లో ఉన్న వైరస్‌లన్నిటికీ అవే సత్రాలు. కాపలా లేని యంత్రంలో ఒక్క థీసిస్ పోయిందంటే మళ్లీ మా గడప తొక్కేవాడుండడు. కొత్త వ్యవస్థ మా డబ్బాల్లో పట్టదు. ఇక మిగిలింది ఊరికే వచ్చే లినక్స్ ఒక్కటే. పక్క సందులో దుకాణంవాళ్లు దానికి ఒక్క సాయంత్రంలో మారిపోయారు. మా యజమాని జనవరిలో తూచడం మొదలుపెట్టారు.

మాకు హుషారే హుషారు! "ఊరికే వస్తుంది పాక్!" కుడివైపు ఒక గింజ. "పాత డబ్బాలే పరుగెడతాయి!" ఇంకొకటి. "ప్రింటర్ అలిగితే?" ఎడమవైపు ఒకటి. "పేజీ అంచులు జరిగిపోతే?" మరొకటి. కుడి పళ్లెం మెల్లగా దిగుతోంది. అప్పుడు లేచింది మా టైపిస్టు బూ తుమీనా.

అరవై మూడేళ్ల మనిషి. ప్రొఫెసర్ల కోడిగీతలు చదవగలిగేది మా సందులో ఆవిడొక్కతే. చూపు మందగించడంతో తెర మీది చిన్న గుర్తులు చదవదు. ఏది ఎక్కడుందో చెయ్యికే తెలుసు.

"మార్చుకోండి నాయనా. మార్చిన రోజున నా సంచీ తీసుకుని ఇంటికి పోతాను. ఈ వయసులో మళ్లీ ఒకటో తరగతి చదవడం నా వల్ల కాదు."

మర్నాడు ఎడమ పళ్లెంలో పిడికెడంత నల్లటి ఏటిరాయి ఉంది.

"ఇదేం గింజండీ?" అన్నాను.

"ఇదీ కారణమే."

"ఇంత లావు కారణమా?"

"తూచే పెట్టాను."

ఆ తర్వాత విద్యార్థులు జిరాక్సుకని వచ్చి కారణాలు చెప్పి వెళ్లేవారు. "భేష్, మంచి కారణం!" అని ఆయన గింజ వేసేవారు. రాయి ఉలికితే ఒట్టు. మార్చి గడిచింది, మే గడిచింది. "గింజలన్నీ ఇక్కడే పోగేస్తే ఇంట్లో కూర నీళ్లలా ఉంటోంది" అని బూ కుస్తినా గోల.

జూన్ ఆఖరి శుక్రవారం వచ్చింది. మర్నాటితో గడువు సరి. నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ చూస్తుండగా ఆ రాయి తీసి పక్కన పెట్టేశాను. కుడి పళ్లెం ఠంగుమని దిగింది!

"తేలిపోయింది! మార్చేయండి!" అని విద్యార్థులు ఈలలు వేశారు.

బూ తుమీనా లేచింది. కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది, టిఫిను డబ్బా మూత బిగించింది, సంచీ భుజానికి తగిలించుకుంది. అప్పుడు తెలిసొచ్చింది నాకు. సంబరంలో నేను తీసింది రాయి కాదు, ఆవిడ కుర్చీ.

"రాయి అక్కడ పెట్టు, రత్రీ!" అని అరిచారు పాక్ వర్సితో. ఆవిడ అప్పటికే గడప దగ్గరుంది. ఆయన అడ్డంగా పరుగెత్తారు. "బూ, ఆగండి! మీది మార్చడానికేం లేదు. మార్చి ఐదు నెలలైంది!"

బూ తుమీనా గడప మీదే వెనక్కి తిరిగింది.

"ఏం మార్చారు?" అంది ఆవిడ.

"అదే, ఊరికే వచ్చేది. మీరు ఫిబ్రవరి నుంచీ కొడుతున్నది దాంట్లోనే. రోజూ దుకాణం తెరవక గంట ముందొచ్చి, మీ చెయ్యి ఎక్కడికెళ్తుందో గుర్తుపెట్టుకుని తెర మీది బొత్తాలన్నీ అక్కడికే జరిపాను. అక్షరాలు కొంచెం కొంచెంగా పెద్దవి చేశాను. వెనక మీ మనవడి ఫొటో అలాగే ఉంచాను."

"మరి ఈ తూకం నాటకమేమిటండీ?" అన్నాను.

"ఆవిడకి ఇబ్బందైతే చప్పుడు లేకుండా వెనక్కి మార్చేయాలిగా. అందాకా ఏదీ మారలేదనే అందరూ అనుకోవాలి."

బూ తుమీనా వచ్చి తన కుర్చీలో కూలబడి, ఒళ్లంతా ఊగేలా నవ్వింది. "రోజుకి రెండుసార్లు మొరాయించే డబ్బా ఐదు నెలలుగా బుద్ధిగా ఉందేమిటా అనుకున్నాను! నేను జడుసుకున్న భూతం ఇదేనా? సరే, ఆ రాయి ఏమిటి?"

ఆయన నేల చూపులు చూశారు. "మీరే, బూ."

"నేనంత బరువా!"

"ఇంకా పెద్దది పెడదామనుకున్నాను. తక్కెడ తాళదని మానేశాను."

శనివారం మిగతా అయిదూ మార్చేశారు. మాకోసం వేరే సర్దడమెందుకని ఆవిడ యంత్రంలో ఉన్నదున్నట్టుగా అన్నిటికీ ఎక్కించారు. ఇంకేముంది! ఆరు తెరల మీదా బూ తుమీనా మనవడు పళ్లు లేని నవ్వు నవ్వుతున్నాడు, అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి, ప్రతిదీ ఆవిడ చెయ్యి వాటంలో ఉంది. ఎక్కడేముందో మాలో ఒక్కరికీ తెలిసి చావదు. తెలిసింది ఆవిడకే. ప్లాస్టిక్ స్కేలు పట్టుకుని వెనక తిరుగుతూ పాఠం చెప్పింది.

"ఒకటో తరగతి నాకు కాదమ్మా రత్రీ, నీకు. ముందు నిటారుగా కూర్చో."

ఆదివారం, మా ఆచారం ప్రకారం మంచి జరగాలని, అందరం దుకాణంలోనే కూర్చుని భోంచేశాం. పసుపన్నం గోపురంలా పోసి, పెద్దలకిచ్చే శిఖరం కోసి బూ తుమీనా ఆకులో పెట్టారు. తక్కెడ రెండు పళ్లేలూ ఖాళీ. కోడికూర మాత్రం గరిటె నిలబడేంత చిక్కగా ఉంది.

రాయిని బూ తుమీనా తన బల్ల మీదికి తీసుకెళ్లి కాగితాల మీద బరువుగా పెట్టుకుంది. దాన్ని తిరిగి అడగాలా వద్దా అని పాక్ వర్సితో ఇంకా తూస్తూనే ఉన్నారు.