పులి కంట్లో గొడుగు

బ్రహ్మ తొందరపడి చేసిన పులిని కూర్చోబెట్టి తప్పులు దిద్దినవాడు లోకంలో ఒక్కడే. కోవిల్‌పట్టి స్టూడియోలో పనిచేసే మా తాత అప్పాసామి.

నలభై ఏళ్లుగా ఆయన పని ఫొటోల్లో మొహాలు దిద్దడం. పెండ్లికూతుళ్ల మొటిమలు మాయం చేసేవాడు. పోయినవాళ్ల ఫొటోల్లో మూసుకున్న కళ్లు తెరిపించి, రెండింట్లోనూ స్టూడియో గొడుగు లైటు మెరుపు చిన్న గొడుగు ఆకారంలో తెల్లగా పెట్టేవాడు. పెన్సిలు పోయి కంప్యూటరు వచ్చినా ఆ మెరుపు మానలేదు. ఆ విద్యంతా జెబకుమార్‌కు నేర్పాడు. శిష్యుడు మా ఇంట్లో పన్నెండేళ్లు అన్నం తిన్నాడు, నా వంతు వడలతో సహా.

పోయిన ఏడు జెబకుమార్ జూలో తీసిన పులి ఫొటో తెచ్చాడు. ముందు బోను ఇనుప కంబీలు, వెనక సిమెంటు గోడ, మధ్యలో కునుకు తీస్తున్న ముసలి పులి. పిల్లల పుస్తకానికట. కంబీలు తీసేస్తే ఇద్దరి పేర్లూ వేయిస్తానన్నాడు. అంతవరకూ తాత పేరు ఏ ఫొటో కిందా పడలేదు. పదకొండు రోజులు కూర్చుని ఒక్కో కంబీనీ చెరిపి, దాని వెనక మరుగైన చారలను వెంట్రుక వెంట్రుకగా గీశాడు. గోడను వెదురు పొద చేశాడు. పులి కళ్లు తెరిపించి, అలవాటుకొద్దీ గొడుగు మెరుపూ పెట్టేశాడు.

పుస్తకం రాలేదు. విరుదునగర్‌లో ఏదో పోటీలో ఆ ఫొటోకు మొదటి బహుమతి వచ్చిందని తెలిసింది. తన పేరు కూడా పిలుస్తారని తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను తోడు తీసుకుని బస్సెక్కాడు.

తీరా అది అడవి ఫొటోల పోటీ. మూడు రోజులు చెట్టెక్కి కూర్చుంటే ఈ పులి కనబడిందని వేదిక మీద జెబకుమార్ చెబుతున్నాడు. పులి కంట్లో గొడుగులా ఉందేమిటని ఒక కాలేజీ పిల్ల అడిగింది. ఆకుల సందున పడిన ఎండ అన్నాడు. అప్పుడే తాత లేచి నిలబడ్డాడు. ఎవరాయన అని పెద్దలు అడిగారు.

“మా ఊళ్లో ఫ్రేములు కట్టే పెద్దాయన,” అన్నాడు జెబకుమార్, ఆయన మొహం చూడకుండా.

తాత అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు. బయటికి నడిచాడు.

బస్సు సాత్తూరు దాటింది. నవ్విద్దామని, నీ పేరు నేను అచ్చు వేయిస్తా తాతా, బ్రహ్మ కంటే గొప్పోడివని రాస్తా అన్నాను.

“పొగిడింది సాలు,” అన్నాడు. “ఆ అబద్ధానికి కంబీలు తీసింది నేనే గదరా. ముందు అది రాయి.”