రెండు కత్తుల మూట

మహాలక్ష్మి గొంతు గ్రౌండుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా మైకు అక్కర్లేకుండా వెళ్తుంది. బీపీఈడీలో నేర్పిన గొంతు కాదది, పడవ మీదున్న నాన్నను ఒడ్డు మీంచి పిలిచి పిలిచి పెంచుకున్నది. ఉప్పుగుంట పాళెంలో ట్రాక్ ప్యాంటు వేసుకుని వీధిలో నడిచిన మొదటి ఆడమనిషి కూడా ఆమే. అప్పట్లో ముసలమ్మలందరూ నోళ్లు నొక్కుకున్నారు. ఆమె సర్కారు ఉద్యోగంతో తిరిగొచ్చేసరికి ఆ ముసలమ్మలే మనవరాళ్లను రెక్కపట్టుకుని తీసుకొచ్చి, "మా పిల్లకి గూడా ఆ ప్యాంటు చదువేందో చెప్పు తల్లీ" అని బతిమాలారు.

పాళేనికి కాస్త ఇవతల, అల్లూరు బస్సులు ఆగే మలుపులో ఉన్న హైస్కూల్లో ఆమె డ్రిల్లు టీచరు. డ్రిల్లుకు జీతం ఇస్తారు, క్రమశిక్షణ మాత్రం ఆమె సొంత సరదా. జడకు రిబ్బను లేకపోయినా, చొక్కా గుండీ ఊడినా ఆమె కంటపడకుండా గేటు దాటడం ఎవరి తరమూ కాదు. అంత తిట్టినా పిల్లలకు ఆమె అంటే ఇష్టమే. తిట్టిన సాయంత్రమే కబడ్డీ ఆడించి, తన డబ్బులతో నిమ్మసోడా తాగించే టీచరు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ ఏడాది ఎక్కడో పట్నంలో పిల్లలు కత్తులతో పొడుచుకున్నారని ఒక వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. హెడ్మాస్టరు పద్మనాభయ్య గారు శాంతమూర్తి. ఆయన్ని వణికించేవి లోకంలో రెండే ఉన్నాయి. ఒకటి పై ఆఫీసు నుంచి ఫోను, రెండోది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు. ఆ వారం రెండూ మోగాయి. ఆయన హడావిడిగా మహాలక్ష్మిని పిలిచి భద్రతకు రూల్సు రాయమన్నారు. ఆమె టీ చల్లారేలోగా రాసి పారేసింది. రోజూ గేటు దగ్గర సంచులు వెతకాలి. కత్తి గానీ బ్లేడు గానీ దొరికితే ఆ రోజే టీసీ, చర్చ లేదు. టీచరు మందలిస్తుంటే ఎదురు మాట్లాడడం కూడా నేరమే. పద్మనాభయ్య గారు కళ్లు మూసుకుని సంతకం చేశారు. స్టాఫ్ రూములో అందరూ శభాష్ అన్నారు, మహాలక్ష్మి కూడా లోలోపల తనకు తనే శభాష్ చెప్పుకుంది.

జనవరి నెలాఖరులో ఒక సోమవారం పదో తరగతి సుప్రియ సంచిలో చెయ్యి పెట్టిన మహాలక్ష్మికి పసుపు గుడ్డ మూట ఒకటి తగిలింది. మూటలోంచి వేలెడు ఇనుప మొన బయటికి కనబడుతోంది. అంతే, ఈల మోగింది.

సుప్రియది కూడా ఉప్పుగుంట పాళెమే. చెప్పిన మాట జవదాటని పిల్ల. గీసిన గీత మీద నిలబడమంటే బడి వదిలినా అక్కడే నిలబడి ఉండే రకం. అలాంటి పిల్ల సంచిలో కత్తి కనిపించేసరికి మహాలక్ష్మికి ఒళ్లు మండిపోయింది.

"ఎంత ధైర్యమే నీకు? రూల్సు గోడ మీద అంటించింది నీకు కనపళ్లా? నా పాళెం పిల్లవై ఉండి నా పరువు తీస్తావా?"

సుప్రియ తల వంచుకుంది, పెదవి కదపలేదు. ఆ మౌనం మహాలక్ష్మికి పొగరులా తోచి ఇంకో నాలుగు తిట్లు ఎక్కువ తిట్టింది.

మధ్యాహ్నానికి టీసీ తయారైంది. మార్చిలో పరీక్షలు. ఇప్పుడు టీసీ చేతిలో పెడితే ఏ బడీ చేర్చుకోదు, పరీక్ష చేజారినట్టే. రొయ్యల కంపెనీ వ్యాను రోజూ పొద్దున్నే పాళెంలోకి వస్తుంది. బడి మానిన ఆడపిల్ల కోసం అందులో ఎప్పుడూ ఒక సీటు ఖాళీగానే ఉంటుంది. ఎక్కిన పిల్ల మళ్లీ పుస్తకం ముఖం చూసింది లేదు. ఈ సంగతి మహాలక్ష్మికి తెలియంది కాదు. అయినా రూలు రూలే అనుకుని, హెడ్మాస్టరు సంతకం కింద తన సంతకం పెట్టడానికి పెన్ను తీసింది. పెట్టేముందు, దొరికిన వస్తువును కవర్లో వేసి సీలు చేద్దామని పైన చుట్టిన పసుపు గుడ్డ తొలగించి ఆగిపోయింది.

లోపల ఉన్నది ఒక కత్తి కాదు, రెండు. వల దారాలు కోసే చిన్న కత్తులు. ఒకదాని పిడి పక్కన ఇంకోదాని మొన వచ్చేలా తలకిందులుగా పేర్చి, వల నూలుతో మూడు ముళ్లు వేసి ఉన్నాయి.

ఆ ముళ్లు మహాలక్ష్మికి తెలుసు. పాళెంలో రెండు పడవల వాళ్లు తగాదా పడితే, పెద్దలు కూర్చుని తేల్చేదాకా ఇద్దరి కత్తులూ ఒకే మూట కట్టి మూడో ఇంటి మనిషికి అప్పగిస్తారు. ఇద్దరికీ చుట్టం కాని మనిషి, మాట తప్పని మనిషి అయి ఉండాలి. మూట విప్పేదాకా ఆ రెండు పడవలూ కదలవు. పుచ్చుకున్న మనిషి మూటను ఇంట్లో వదలకూడదు, ఎక్కడికి పోతే అక్కడికి వెంట తీసుకుపోవాలి. మహాలక్ష్మి చిన్నప్పుడు వాళ్ల అవ్వ అలాంటి మూటను నడుముకు కట్టుకుని పెళ్లిళ్లకు కూడా వెళ్లేది. పాపం, అవ్వకు బడి లేదు కదా!

ఆమె పెన్ను మూసి హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది.

"సార్, ఈ టీసీ ఆపాల."

"అదేమిటమ్మా, రూలు రాసింది నువ్వే కదా?"

"నేనే రాసినా సార్, బుద్ధి లేక రాసినా. ఆ పిల్లని ఒక్క మాట గూడా అడగలేదు మనం."

"రేపు ఎవరికైనా ఏదైనా జరిగితే? నన్ను బతకనిస్తారా?"

ఆయన భయంలో అబద్ధమేమీ లేదు. అంతమంది పిల్లలు తిరిగే చోట కత్తి ఎవరిదైనా కత్తే. మహాలక్ష్మి దాన్ని కాదనలేదు.

"కత్తిని లోపల పెట్టి తాళమేద్దాం సార్. పిల్లని బయటికి నెట్టేది ఎందుకు? వాళ్లమ్మని పిలిచి, కూసోబెట్టి అడుగుదాం. అప్పటికీ తప్పని తేలితే సంతకం నేనే పెడతా."

సుప్రియ తల్లి అంకాలమ్మ ఎండు చేపల గంప పక్కింట్లో పడేసి ఆటోలో వచ్చింది. హెడ్మాస్టరు గదిలో తల్లీకూతుళ్లకు కుర్చీలు వేశారు. పద్మనాభయ్య గారు గొంతు సవరించుకుని, "కత్తులు ఎందుకు తెచ్చావమ్మా?" అని అడిగారు.

సుప్రియ ఆయన వైపు చూడలేదు. మహాలక్ష్మి వైపు చూసి, "మాట్లాడొచ్చా మేడం?" అంది.

మహాలక్ష్మికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. పొద్దున తను పొగరనుకున్న మౌనం, తను రాసిన రూలును ఆ పిల్ల పాటించడమే. తల ఊపింది.

"మాల్యాద్రి మామకీ హజరత్తయ్య మామకీ వల కాడ గొడవైంది సార్. ఇద్దరికీ మేం చుట్టాలం గాదని, ఆదివారం దాకా మూట నా దగ్గరుండాలన్నారు పెద్దోళ్లు. ఇంట్లో పెట్టకూడదు. బడికి తేకూడదని తెలుసు సార్. గేటు కాడ మేడంకే ఇచ్చేద్దామనుకున్నా. చెప్పేలోపల ఈల పడింది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఎంత ధైర్యం అని అడిగినారు సార్. ఎందుకు తెచ్చినావని ఎవురూ అడగలేదు."

పద్మనాభయ్య గారు టీసీని నాలుగు ముక్కలు చేశారు.

మూట హెడ్మాస్టరు గారి బీరువాలోకి వెళ్లింది. కానీ మూటను వదిలి ఉండనని సుప్రియ మాట ఇచ్చి ఉంది కదా, అందుకని బీరువా తాళంచెవి ఆ పిల్ల మెడలో వేలాడింది. సుద్దముక్కలు, ప్రశ్నపత్రాలు అన్నీ ఆ బీరువాలోనే ఉండడంతో ఆ వారమంతా పద్మనాభయ్య గారు పదో తరగతి గుమ్మంలో నిలబడి, "సుప్రియమ్మా, ఒకసారి తాళం" అని అడగాల్సి వచ్చింది. సాయంత్రం బడి వదలగానే బీరువా తెరిచి మూట ఆ పిల్లతో ఇంటికి పంపేవారు, వెనకే మహాలక్ష్మి స్కూటీ. ఆదివారం పెద్దలు తగాదా తీర్చి ముళ్లు విప్పారు. సోమవారం రెండు పడవలూ వేటకు వెళ్లాయి.

రూల్సు మళ్లీ రాశారు. సంచులు వెతకడం అలాగే ఉంది. దొరికిన వస్తువు తాళం కిందికి పోతుంది, పిల్లను తల్లినో తండ్రినో పక్కన పెట్టుకుని అడుగుతారు, తీర్పు మాత్రం పట్టుకున్న టీచరు చెప్పకూడదు. ఈ చివరి మాట మహాలక్ష్మే పట్టుబట్టి రాయించింది. ఎదురు మాట్లాడడం గురించిన రూలును తనే కొట్టేసింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆమె బస్‌స్టాపులో పిల్లల్ని వరసలో నిలబెడుతోంది. సుప్రియ దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"మేడం, ఆ రోజు మీరు సంతకం పెట్టేసుంటే నేను బడి మానేసుండేదాన్ని."

"కొత్తగా బడి వెతుక్కోవా? నీ తప్పు లేదని మీ అమ్మతో అయినా చెప్పవా?"

"చెప్పను మేడం. తప్పు నాదే గామాల అనుకునుంటా."

మహాలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వరసలో పిల్లలు చూస్తున్నారని కూడా చూడకుండా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదమ్మే," అంది. "ఈ మాట నీకు ఆ పొద్దే చెప్పుండాల."