మిర్చి కల్లంలో మిద్దె విమానం

ఇంజనీరింగు పూర్తయి ఉద్యోగం ఇంకా నా చిరునామా కనుక్కోని ఆ రోజుల్లో నాకు తీరిక సమృద్ధిగా ఉండేది. ఖమ్మంలో వీధికొక ఇంటర్నెట్ సెంటరు వెలుస్తున్న కాలమది. తోటివాళ్ళు అక్కడికి వెళ్ళి ఉద్యోగాలకు దరఖాస్తులు పంపేవాళ్ళు. నేనూ పంపుదామనే వెళ్ళేవాణ్ణి. వెళ్ళి, రిమోటుతో ఎగిరే చిన్న విమానాల ఫోటోలు చూస్తూ కూర్చునేవాణ్ణి. (నేను రోజుకొక గంట ఉద్యోగం వెతుకుతున్నానని మా నాన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేయడం ఇష్టంలేక, ఆ గంటా కచ్చితంగా అక్కడే ఉండేవాణ్ణి.) అలా చూసి చూసి ఒక రోజు ఒక పాతకాలపు విమానం నక్షాను ముక్కలు ముక్కలుగా అచ్చు తీయించాను. ముక్కలన్నీ అతికించేసరికి చిన్న దుప్పటంత అయింది. దాన్ని చుట్టచుట్టి, బస్సెక్కి ఇల్లందులో ఉన్న మా మామ దగ్గరికి పోయాను.

మామ అంటే అమ్మకు అన్న. బొగ్గు గనిలో ఫిట్టరు. చదువు ఏడో తరగతి, చేతులు మాత్రం డాక్టరేటు స్థాయివి. గోడ గడియారం నుంచి గనిలో నీళ్ళు తోడే పంపు దాకా ఆయన చెవి ఆనించి వింటే చాలు, రోగం తానే బయటికొచ్చి చెప్పుకునేది. నక్షాను వరండాలో పరిచి, నాలుగు మూలలా నాలుగు స్పానర్లు బరువు పెట్టి, చాలాసేపు చూశాడు. అది ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలున్న విమానం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇలాంటిదాని జోలికి పోకూడదని, ఒంటి రెక్కదానితో మొదలుపెట్టాలని పుస్తకాల్లో రాసి ఉంది. ఆ మాట నిజాయితీగా చెప్పాను.

"ఒక రెక్క పోతే?" అన్నాడు మామ.

"పోతే కూలిపోతది మామా."

"రెండుంటే, ఒకటి పోయినా ఇంకోటుంటది గద. గనిలో ఏ పంపుకైనా పక్కన ఇంకో పంపు ఉంటదిరా. నీ పుస్తకం రాసినోడు ఎన్నడన్న గనిల దిగిండా?"

దిగి ఉండడని ఒప్పుకున్నాను. అలా రెండంతస్తుల విమానం ఖాయమైంది. అత్త దానికి 'మిద్దె విమానం' అని పేరు పెట్టింది.

ఎనిమిది నెలలు పట్టింది. విమానాలకు వాడే తేలికైన విదేశీ చెక్క మా వైపు దొరకదు గనుక, బొమ్మలు చెక్కే పొణికి చెక్క తెచ్చి, మామ దాన్ని కాగితమంత పల్చగా చీల్చి రెక్కలకు ఎముకలు చేశాడు. రెండు రెక్కల మధ్య బిగింపుకు వెదురు. పైన తొడుగుకు అత్త పాత నైలాను చీర. (అది పాతదని మేము అనుకున్నాం. అత్త అభిప్రాయం వేరు.) ఇంజనూ రిమోటూ హైదరాబాదులో ఒక సీనియరు వాడి వదిలేసినవి. ఇంజను తాగే నూనెలో ఆముదం పాలు ఎక్కువ. మొదటిసారి దాన్ని వరండాలో తిప్పిన రోజు పక్క క్వార్టరు పెద్దమనిషి వచ్చి, "ఇంట్ల ఎవరికన్న కడుపు బిగిసిందా?" అని ఆదుర్దాగా అడిగిపోయాడు. ఈ ఎనిమిది నెలల్లో నా వంతు పని, మామ అడిగినప్పుడు అడిగిన వస్తువు అందించడం. దాంతోపాటు, ఎగరేసేది నేనే గనుక, కంప్యూటరులో ఎగరేయడం సాధన చేయడం. కంప్యూటరులో నలభై సార్లు ఎగరేశానని మామకు చెప్పాను. అది నిజమే. ముప్పై తొమ్మిది సార్లు కూలిందన్నది వివరాల్లోకి వస్తుంది, మామ వివరాలు అడగలేదు.

ఇక్కడ మామ బిళ్ళ గురించి చెప్పాలి. గనిలో ఏ యంత్రంలోనైనా చెయ్యి పెట్టే ముందు ఫిట్టరు కరెంటు ఆపి, ఆ స్విచ్చికి తన పేరు చెక్కిన రేకు బిళ్ళ వేలాడదీస్తాడు. తగిలించినవాడే దాన్ని తీయాలి. అప్పటిదాకా మేనేజరైనా సరే, దేవుడైనా సరే ఆ స్విచ్చిని ముట్టకూడదు. మామ ఈ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. బాగవుతున్న టీవీకి, విప్పి పెట్టిన మోటారుకు, ఒకసారి పప్పు ఉడుకుతున్న కుక్కరుకు కూడా ఆ బిళ్ళ వేలాడడం నేను చూశాను. విమానం ఎగరేయాల్సిన ముందు రోజు సాయంత్రం, రిమోటు కదిపితే రెక్క చివర, తోక ఎటు కదులుతున్నాయో ఒక్కొక్కటీ పరీక్షించి, అంతా సరే అనుకున్నాక రిమోటు మెడకు బిళ్ళ కట్టాడు. "ఇగ రేపు ఎగరేసే జాగల నేనే తీస్త" అన్నాడు.

ఆ జాగా మా పెద్దత్త చేను. పెద్దత్త అంటే అత్తకు అక్క. భద్రాచలం దారిలో, అడవి అంచున, ఆమె మిర్చి వేసేది. మిర్చి కోసే ఆ నెలల్లో ఆ చుట్టుపక్కల చెట్టూ పుట్టా లేకుండా చదునుగా ఉండే నేల మిర్చి ఆరబోసే కల్లం, దాని పక్కన బండి బాట మాత్రమే. విమానాన్ని దుప్పట్లో చుట్టుకుని తెల్లవారుతూనే బయల్దేరాం. కొత్తగూడెంలో బస్సు మారాలి. వచ్చిన బస్సు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టడానికి మామ పరుగెత్తాడు. నేను రిమోటుతో నిలబడ్డాను.

నా చుట్టూ నలుగురు చేరారు. అందులో ఒక కండక్టరు.

"ఏందన్నా గది, వైర్‌లెస్సా?"

"కాదు. విమానం నడిపేది."

ఆ తర్వాత వాళ్ళ ముఖాల్లో కనిపించిన గౌరవం, నా ఇంజనీరింగు పట్టా మొత్తంగా నాకు తెచ్చిపెట్టినదానికంటే ఎక్కువ. బిళ్ళ అడ్డంగా ఉందని తీసి జేబులో వేసుకున్నాను. ఒక్కొక్కటీ వివరించాను.

"మరి ఈ అడుగున చిన్నయి ఏందన్నా?" అన్నాడు కండక్టరు. అవి అగ్గిపుల్ల మొనతో కదపాల్సినంత చిన్న మీటలు, నాలుగు. ఒక్కో కదలికకు ఒక్కో మీట, ఏ మీటను కిందికి నొక్కితే ఆ కదలిక తారుమారవుతుంది. ఎడమకు తిప్పితే విమానం కుడికి పోతుంది. మాటలతో చెబితే సరిపోయేది. కానీ పాఠం చెప్పేవాడికి ప్రయోగం చేసి చూపించాలనే ఆరాటం ఉంటుంది. నాలుగింటినీ కిందికి నొక్కి చూపించాను. అప్పుడే మామ కిటికీలోంచి "అల్లుడా, జల్దీ రా, సీటు దొరికింది!" అని కేకేశాడు. మీటలను గబగబా మళ్ళీ పైకి నెట్టాను. మూడింటిని. బిళ్ళ తగిలించి బస్సెక్కాను.

పెద్దత్త కల్లం ఎర్రగా, ఎంత దూరం చూసినా ఎర్రగా ఉంది. పది మంది ఆడవాళ్ళు కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. మమ్మల్ని చూసి పెద్దత్త లేచి వచ్చింది.

"ఏం అల్లుడా, కొలువు రాలేదని విమానమే చేసుకున్నవా? దీంట్ల ఎక్కి పోతవా ఏంది హైదరాబాదు?"

"ఇది మనుషులు ఎక్కేది కాదు పెద్దత్తా."

"మరెందుకు?"

నేను దుప్పటి ముడి విప్పడంలో మునిగిపోయాను.

మామ రెక్కలు బిగించాడు. నేను జేబులోంచి కాగితం తీసి చదివాను: ఎగరేసే ముందు ప్రతి కదలికా మరోసారి పరీక్షించాలి. మామ నవ్వి రిమోటుకు వేలాడుతున్న బిళ్ళను చూపించాడు. "బిళ్ళ ఉన్నంక మళ్ళ సూసుడేందిరా? నిన్న నా చేతితోని సూసిన. ఎవడు ముట్టిండు?" అని ముప్పై ఏళ్ళ అలవాటుతో దాన్ని విప్పి జేబులో వేసుకున్నాడు. చెప్పడానికి అదే సమయం. నేను ముట్టుకున్న మాట నాకు గుర్తుంది. అన్నీ సరిగ్గానే పెట్టాననే నమ్మకమూ ఉంది. ఆ రెండింటిలో రెండోదాన్ని ఎంచుకున్నాను.

విమానం బండి బాట మీద పరుగెత్తి, ఒకసారి తుళ్ళి, లేచింది. నిజంగా లేచింది. అత్త చీర మీద ఎండ పడి మెరిసింది. ఏరుతున్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొంచెం కుడికి, కల్లం వైపు వాలుతున్నట్టు కనిపిస్తే ఎడమకు తిప్పాను. ఇంకా కుడికి వాలింది. ఇంకా గట్టిగా ఎడమకు తిప్పాను. నేను ఎంత శ్రద్ధగా దిద్దితే అది అంత శ్రద్ధగా చెడింది. "ఎడమకు రా, ఎడమకు!" అని మామ అరుస్తున్నాడు. "ఎడమకే మామా!" అని నేనూ అరుస్తున్నాను. మొత్తం పదకొండు సెకన్లని తర్వాత మామ చెప్పాడు. పన్నెండో సెకను నుంచి విమానం మిర్చిలో ఉంది.

అది అక్కడితో ఆగితే బాగుండేది. ఇంజను ఆగలేదు. ముందున్న పంకా ఎండు మిర్చిని గిరగిరా కొడుతూనే ఉంది. ఎర్రటి మబ్బొకటి లేచింది. ఆ తర్వాత ఎవరు ఎవరిని తిట్టారో చెప్పలేను, తిట్టబోయిన ప్రతివాళ్ళకూ తుమ్ము అడ్డమొచ్చింది. కళ్ళు మండిపోతుంటే మామ మోకాళ్ళ మీద పాకుతూ పోయి ఇంజను ఆపాడు. పెద్దత్త కొంగుతో ముక్కు మూసుకుని, "ఊరందరికి ఒక్కసారే పోపు పెట్టినవ్ గదరా నాయనా!" అంది. నేను క్షమాపణ చెప్పబోయి మూడుసార్లు తుమ్మాను. "పోనీ తియ్, కాయలేం పోలె, పొడైనయ్. ఎప్పటికైనా పొడి గావల్సినయే గద" అని ఆమే ఓదార్చింది.

తిరుగు బస్సులో మామ విరిగిన పై రెక్కను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. నేను రిమోటు వైపు చూశాను. అడుగున నాలుగు మీటల్లో ఒకటి కిందికి ఉంది. వేలి గోటితో పైకి నెట్టాను. టిక్కుమన్న చప్పుడు బస్సు మోతలో నాకొక్కడికే వినిపించింది.

నేను ఖమ్మం పోకుండా అక్కడే ఉండిపోయాను. మామ వరుసగా మూడు రోజులు డ్యూటీ నుంచి రాగానే విమానాన్ని ముందేసుకున్నాడు. ప్రతి తీగా విప్పాడు, చూశాడు, మళ్ళీ కలిపాడు. ఇప్పుడు ఎడమంటే ఎడమకే కదులుతోంది. (కదలదా మరి!) దొరికిన తప్పును దిద్దుకోవచ్చు. దొరకని తప్పు ఫిట్టరును లోపలి నుంచి తింటుంది. నాలుగో రోజు పక్కింటామె మిక్సీ పట్టుకొస్తే, "వేరే ఎవరికన్న చూపియ్యమ్మా, నా చెయ్యి మంచిగ లేదు" అన్నాడు. అత్త వంటింట్లోంచి తొంగిచూసి నా వైపు చూసింది. నేను దినపత్రికలో ఉద్యోగ ప్రకటనల పేజీని మొట్టమొదటిసారి శ్రద్ధగా చదివాను.

ఆ మధ్యాహ్నం, రెండో షిఫ్టుకు పోయే ముందు, మామ ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇంగ్లీషుల ఒక దరఖాస్తు రాయి అల్లుడా. మేనేజరుకు."

"ఏమని మామా?"

"ఫిట్టర్ పని ఒద్దని. పైన ఏదన్న చిన్న పని ఇయ్యమని. తీగలు అడ్డం దిడ్డం కలిపి, తప్పేందో కూడ దొరకవట్టనోడు కింద పంపుల మీద చెయ్యి పెట్టొద్దు. పది మంది ఉంటరు ఆడ."

చదువుకున్నవాణ్ణి గనుక రాయడం మొదలుపెట్టాను. 'గౌరవనీయులైన అయ్యా' వరకు ఇంగ్లీషు సాఫీగానే వచ్చింది. తర్వాత రాయాల్సిన వాక్యంలో 'నా చేతుల లోపం వల్ల' అనే ముక్క ఉంది. ఆ చేతులు నా ఎదురుగా, మోకాళ్ళ మీద, ఎటు పెట్టాలో తెలియనట్టు పడి ఉన్నాయి. పెన్ను ఆగిపోయింది.

"మామా, బిళ్ళ నేను తీసిన."

మామకు మొదట అర్థం కాలేదు. బస్టాండు, కండక్టరు, మీటలు, అన్నీ చెప్పాను. తిరుగు బస్సులో వినపడ్డ టిక్కుతో సహా చెప్పాను. చెబుతున్నంతసేపూ కాగితం మీద ఉన్న 'గౌరవనీయులైన అయ్యా' వైపే చూశాను.

"ఎన్ని మీటలు కిందికి అన్నవ్?"

"నాలుగు."

"మళ్ళ ఎన్ని పైకన్నవ్?"

"మూడు."

"నాలుగు దాక లెక్కపెట్టుడు రాకముందే ఇంజనీరు జేసిండ్రా నిన్ను?"

నేను తలొంచుకున్నాను. కోపం అంతటితో ఆగుతుందనుకున్నాను. ఆయన గొంతు తగ్గింది, దానికే ఎక్కువ భయమేసింది.

"విమానం కూలింది, మంచిదే. ఇంకోటి చేస్త. బిళ్ళ తీస్తే గనిల ఏమైతదో ఎరికేనా? తీసినోడు ఇట్ల తీరుబడిగ కూసోని చెప్పొచ్చు. ఇనేటోడు ఉండడు."

తర్వాత ఆయన ఆ కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి, చెప్పులు వేసుకుని, గుమ్మం దాకా పోయి ఆగాడు. "అంటే, తీగలు మంచిగనే కలిపిన్నా?" అన్నాడు, నా వైపు తిరక్కుండా.

"అవ్ మామా. ఒక్కటి కూడ తప్పు లేదు."

తల ఊపి డ్యూటీకి పోయాడు. ఆ నడకలో తేడా అత్తకు కూడా తెలిసింది. నాతో మాత్రం తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజు, "ఆ పొణికి చెక్క ఇటు ఇయ్యి" అన్నాడు. నేను అందించాను.

మళ్ళీ మిర్చి ఆరబోసే కాలానికి ముందే, పెద్దత్త చేనులోనే, ఆమె పెట్టిన ఒకే ఒక్క షరతు మీద (కల్లం వేయకముందే రావాలి), రెండోసారి ఎగరేశాం. ఈసారి రిమోటు మామ చేతిలో ఉంది. నేను అడగలేదు, ఆయన ఇస్తాననలేదు. నా పని విమానాన్ని పట్టుకుని, ఇంజను అందుకున్నాక వదలడం. వదిలాను. లేచింది. ఎడమంటే ఎడమకు, కుడంటే కుడికి వంగుతూ, అడవి చివరి చెట్ల మీదుగా పెద్ద సున్నా చుట్టింది.

"మీ మామ చదువుకోకుంటనే మంచిగ తిప్పుతుండు. నువ్వెందుకు సదివినవ్ అల్లుడా?" అంది పెద్దత్త.

అలాంటి విమానం మన వైపుకు తిరిగి వస్తున్నప్పుడు దాని ఎడమ మనకు కుడవుతుంది. నా ముప్పై తొమ్మిది ప్రమాదాల్లో ఎక్కువ భాగం అక్కడే జరిగాయి. మామకు ఎవరూ చెప్పలేదు. విమానం ఇటు మళ్ళగానే ఆయన తాపీగా దానికి వీపు పెట్టి నిలబడి, భుజం మీదుగా మెడ తిప్పి చూస్తూ నడపసాగాడు. దాని ఎడమ, తన ఎడమ ఒకటే అయ్యాయి. అలా తిరగడంతో మేమిద్దరం ఎదురెదురుగా పడ్డాం. మామ నన్ను చూసి, "నన్నేం చూస్తవ్‌రా, విమానం చూడు!" అని గదమాయించాడు.

అప్పటి నా వయసు కొడుకులున్నవాళ్ళు ఇప్పుడు నా మిత్రులు. ఎప్పుడైనా కబుర్లలో ఈ విమానం సంగతి వస్తే, ఎంత ఎత్తు లేచింది, ఎన్ని చుట్లు తిరిగింది, ఎలా దిగింది అని వివరంగా అడుగుతారు. నేను ఏదో ఒకటి చెప్పేస్తాను. నిజానికి ఆ మొదటి చుట్టు తర్వాత నేను విమానాన్ని చూడనే లేదు.