ముత్తాత సైకిలు, బావ రెండు నిమిషాలు

సౌదీలోని అల్ ఖోబర్‌లో మా ఆఫీసులో పనిచేసే స్వీడన్ ఇంజనీరుకి మాటలు తక్కువ. ముత్తాత ప్రస్తావన వస్తే మాత్రం ఆగడు. వందేళ్ల కిందట ఆ ముత్తాత సైకిల్ రేసులు తొక్కేవాడట. వారమంతా వడ్రంగం, ఆదివారం రేసు. పెద్ద సరస్సు చుట్టూ మట్టిరోడ్డు మీద రోజంతా తొక్కుడు. పంక్చరైతే తనే దిగి అతుకేసుకోవాలి. ఒకసారి గెలిచాడు. ఒకసారి ఆవుని గుద్దాడు. మళ్లీ గెలిచాడు, పెళ్లి చేసుకున్నాడు, సైకిల్ షాపు పెట్టాడు. కెరీర్ అంటే అంతే. నా రెజ్యూమె నాలుగు పేజీలు. అందులో ఒక్క ఆవు కూడా లేదు.

ఆ సైకిలు ఇప్పుడు ఈ ఇంజనీరు ఇంటి హాల్లో గోడకి వేలాడుతుంటుంది. తోలు సీటు, కిందికి వంగిన హ్యాండిలు. టైర్లు మాత్రం కొత్తవి. చూసిన రోజు నుంచి ఒక్కసారి తొక్కాలని నాకు ఒకటే యావ. అడిగితే, రేసు పెడతా, గెలిచినవాడికే తొక్కడానికిస్తా అన్నాడు.

చలికాలం, శుక్రవారం పొద్దున, సముద్రం ఒడ్డున రోడ్డు, కార్నిష్ మీద రేసు. అదీ ముత్తాత పద్ధతిలో: రెండు నిమిషాల తేడాతో ఒక్కొక్కరే బయల్దేరాలి, తక్కువ టైములో చేరినవాడు గెలిచినట్టు. పోటీకి ఇద్దరమే దొరికాం. నేను, మా అక్క మొగుడు. బావ పొట్ట సంగతి ఆలోచించి అక్కే పంపింది.

ముందు నేను. పక్కన సముద్రం, వెనక గాలి. నాకే నవ్వొచ్చేంత వేగం. సగం దూరం పోయానో లేదో, వెనక నుంచి కేక.

"బామ్మర్దీ, ఆగరాదు జెర."

మా ఇళ్లల్లో అక్క మొగుడు పిలిచాక ఆగకుండా పోవడం ఉండదు. స్పీడు తగ్గించాను.

"ఏం బావా, గింత జల్ది వచ్చినవ్?"

"ఒక్కన్నే తొక్కుతుంటే బోర్ కొట్టింది. మీ అక్క చాయ్‌ల చక్కెర ఎయ్యలే, గది చెప్పుదామని."

"పొట్టను చూసి ఎయ్యలేదేమో."

"నీ అక్కనే గదా. నువ్వట్లనే అంటవ్."

చక్కెర మీద వాదించుకుంటూ పక్కపక్కనే తొక్కాం. చివర్లో మర్యాద పక్కన పెట్టి చక్రం ముందుకు తోశాను. గీత దాటి రెండు చేతులూ ఎత్తాను. స్వీడన్ ఆయన వచ్చి నా చేతులు దించి, బావ చెయ్యి ఎత్తాడు.

"ఈయన నీ తర్వాత రెండు నిమిషాలకి బయల్దేరాడు," అన్నాడు, పేషెంటుతో మాట్లాడినంత మెల్లగా.

ఆగినందుకే ఓడానని చెప్పుకుందామనుకున్నాను. కానీ బావ కేకేసే దూరానికి వచ్చేసరికే నా పని అయిపోయింది.

"అంటే నేను గెలిచిన్నా?" అన్నాడు బావ. "మీ అక్కకు నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మదు."

ఆయన కారులో వేసుకొచ్చిన ముత్తాత సైకిలుకి బ్రేకు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. ఆపాలంటే కాళ్లతో వెనక్కి నొక్కాలి. స్వీడన్ ఆయన ఇదంతా విడమరిచి చెప్పాడు. గెలిచిన సంబరంలో బావ ఏమీ వినలేదు. ఎక్కాడు, పోయాడు.

"బామ్మర్దీ, ఇది ఆగుతలేదు."

"తొక్కకు బావా."

"నేను తొక్కుతలేను. గదే తొక్కుతుంది."

నవ్వుతూ పరిగెత్తడం కష్టమని ఆ రోజే తెలిసింది. బావ పచ్చికలోకి మళ్లి, మెత్తగా, ఓ పక్కకి పడుకున్నాడు. మేం చేరేసరికి వెల్లకిలా తిరిగి నవ్వుతున్నాడు. స్వీడన్ ఆయన ముందు సైకిల్ని తడిమి చూసి, తర్వాత బావని చూశాడు. రెండిటికీ ఏమీ కాలేదు.

"నేను నడుస్తా," అన్నాడు బావ. "దీన్ని నువ్వే తీస్కపో."

నేను స్వీడన్ ఆయన వైపు చూశాను. ఆయన తలూపాడు. ఎక్కాను. గీత దగ్గర్లోనే ఉంది, ఎదురుగా కనిపిస్తోంది. నేను మాత్రం హ్యాండిల్ని, ఇంకా బోలెడు దారి ఉన్న రెండోవైపుకి తిప్పాను.